జపాన్‌లో లాంగ్వేజ్ స్కూల్ వేగం అందుకోలేకపోతున్నాను, ముందు ఏది సరిచేసుకోవాలి?

కోనసీమ_కుర్రాడు (ప్రశ్న)

అందరికీ నమస్తే. టోక్యోలో ఒక లాంగ్వేజ్ స్కూల్లో ఏప్రిల్ బ్యాచ్‌లో చేరాను. బీటెక్ అయింది, రెండేళ్ళు భాష నేర్చుకుని ఇక్కడే ఐటీ ఉద్యోగం చూసుకోవాలని. పొద్దున బ్యాచ్, రోజుకు 45 నిమిషాల పీరియడ్లు నాలుగు. పుస్తకం మిన్నా నో నిహోంగో, ప్రస్తుతం 20వ పాఠం నడుస్తోంది.

క్లాసులో సగానికి పైగా చైనా వాళ్ళు. మిగతావాళ్ళు వియత్నాం, నేపాల్. సెన్‌సేయ్ (టీచరు) మొత్తం జపనీస్‌లోనే చెప్తారు. 13వ పాఠం దాకా ఇబ్బంది లేదు. 14లో తె-రూపం (క్రియ చివర '-తె' వచ్చే రూపం) మొదలైన దగ్గర్నుంచి పట్టు తప్పింది. 17లో నాయ్-రూపం (వ్యతిరేకార్థం), 18లో డిక్షనరీ రూపం (క్రియ మూల రూపం), 19లో త-రూపం (భూతకాలం), ఇప్పుడు 20లో ఇవన్నీ కలిపి మామూలు మాట తీరు. సెన్‌సేయ్ అడిగిన క్రియకి మనసులో రూపం కట్టుకునే లోపు పక్కవాళ్ళు జవాబు చెప్పేస్తున్నారు. రోజూ పొద్దున్నే మాటల మీద పెట్టే చిన్న టెస్టు కూడా పోతోంది.

సాయంత్రం బెంతో (భోజనం డబ్బాల) ఫ్యాక్టరీలో బైతో (పార్ట్‌టైమ్ పని), మాకు వారానికి అనుమతి ఉన్న 28 గంటలూ నిండుతాయి. గదికి వచ్చేసరికి రాత్రి ఒంటిగంట అవుతుంది.

వెనకబడ్డ పాఠాలు మొదటి నుంచి మళ్ళీ చదవాలా, ఇప్పుడు నడుస్తున్నవే పట్టుకోవాలా? కింది క్లాసుకు మార్చమంటే వీసాకు ఏమైనా ఇబ్బందా? డిసెంబరు జేఎల్‌పీటీకి (జపనీస్ భాషా స్థాయి పరీక్ష, తేలికైన ఎన్5 నుంచి కష్టమైన ఎన్1 దాకా) ఏ లెవెల్ కట్టాలి?

గోరింటాకు

1వ పాఠం నుంచి మళ్ళీ మొదలుపెట్టకండి. క్లాసు రెండు మూడు రోజులకో పాఠం దాటుతుంటే, మీరు వెనక్కి వెళ్ళి అదే వేగంతో చదివినా మధ్య దూరం తగ్గదు. 13 దాకా వచ్చింది కదా, దాన్ని అలా ఉంచండి. 14, 17, 18, 19 పాఠాల్లోంచి క్రియారూపాలు మాత్రం విడిగా తీసి ఆ బాకీ తీర్చండి. మిగిలిన సమయమంతా రేపు క్లాసులో జరగబోయే పాఠానికే.

ఇవే ఎందుకంటే, ఇకమీద వచ్చేదంతా వీటి మీదే నడుస్తుంది. 21లో '-తొ ఒమొయిమాసు', 22లో నామవాచకం ముందు వాక్యం పెట్టడం, 25లో '-తరా' (మన '-తే'), 26లో '-న్ దెస్' (వివరణ ఇచ్చే తీరు), అన్నిటికీ మామూలు రూపం నోట్లో సిద్ధంగా ఉండాలి. వ్యాకరణం అర్థమయ్యీ మాట బయటికి రాకపోవడానికి కారణం ఎక్కువసార్లు ఇదే.

తె-రూపం సూత్రం మీకు తెలిసే ఉంటుంది, అయినా ఒక్కచోట రాస్తున్నాను. జపనీస్ క్రియల్ని రూపం మారే తీరును బట్టి గ్రూపులుగా చెప్తారు. మర్యాద రూపం చివర వచ్చే -మాసు తీసేశాక మిగిలిన చివరి అక్షరం చూడండి. మొదటి గ్రూపులో అది ఇ, చి, రి అయితే -త్తె: కైమాసు కత్తె అవుతుంది, మచిమాసు మత్తె, కఎరిమాసు కఎత్తె. మి, బి, ని అయితే -న్దె: నొమిమాసు నొన్దె, యొబిమాసు యొన్దె. కి అయితే -ఇతె, గి అయితే -ఇదె: కకిమాసు కైతె, ఇసొగిమాసు ఇసొయిదె. షి అయితే -షితె. ఇకిమాసు ఒక్కటే దారి తప్పి ఇత్తె అవుతుంది. రెండో గ్రూపుకి -మాసు తీసి -తె పెట్టడమే. త-రూపానికి వేరే కష్టం వద్దు, తె ఉన్నచోట త పెట్టండి.

టెస్టుల్లో మార్కులు పోయేది సూత్రం రాక కాదు, గ్రూపు తప్పు పట్టడం వల్ల. రెండో గ్రూపు క్రియల్లో ఎక్కువ భాగం -మాసు ముందు ఎ-కారంతో ఉంటాయి. ఇ-కారంతో ఉండి కూడా రెండో గ్రూపుకు చెందినవి కొన్ని ఉన్నాయి. ఇప్పటిదాకా మీకు వచ్చినవి: ఇమాసు, మిమాసు, ఒకిమాసు, కరిమాసు, అబిమాసు, ఒరిమాసు, దెకిమాసు. వీటిని ఒక చీటీ మీద రాసి గోడకు అంటించండి. కరిమాసు కరితె అవుతుంది, కత్తె కాదు. నాయ్-రూపంలో ఇంకో రెండు చోట్ల జారతారు. చివర 'ఇ' ఉన్న మొదటి గ్రూపు క్రియకి 'వ' వస్తుంది: కైమాసు కవనాయ్. అరిమాసుకి మాత్రం ఉత్త 'నాయ్'.

ఇప్పుడు సాధన. ఇంతవరకు వచ్చిన క్రియలన్నిటికీ కార్డులు చేయండి. ఒక వైపు -మాసు రూపం, వెనక తె, నాయ్, డిక్షనరీ, త. గ్రూపుల వారీగా పేర్చకుండా కలిపేయండి, లేకపోతే గ్రూపు గుర్తుపట్టే పని మీ బుర్ర చేయదు. రోజుకు 30 కార్డులు, పొద్దున పది నిమిషాలు, రాత్రి పది నిమిషాలు, పైకి గట్టిగా పలుకుతూ. రెండు సెకన్లలో రూపం రాకపోతే తెలిసినా తప్పు కిందే లెక్కేసి ఆ కార్డు మళ్ళీ కట్టలో పెట్టండి. ఇలా రోజూ చేస్తే రెండు మూడు వారాల్లో సెన్‌సేయ్ అడగ్గానే నోరు కదులుతుంది.

ఇక రేపటి పాఠం. ఆ ప్రధాన పుస్తకం పూర్తిగా జపనీస్‌లో ఉంటుంది కాబట్టి, దాని జంట పుస్తకం, అనువాదం, వ్యాకరణ వివరణ ఉన్నది, ఇంగ్లిష్‌లో తప్పకుండా కొనుక్కోండి. ముందు రోజు చేయాల్సినవి రెండే: కొత్త మాటలు, రెన్షూ (అభ్యాసం) ఎ. మాటలు పాఠానికి సుమారు 40 ఉంటాయి. రెన్షూ ఎ ఒక పేజీ పట్టిక, ఆ పాఠంలోని వాక్య నిర్మాణాలన్నీ అందులోనే కనిపిస్తాయి. ఈ రెండూ చూసుకుని వెళ్తే సెన్‌సేయ్ జపనీస్‌లో చెప్పే వివరణ మీకు కొత్త సంగతి కాదు, తెలిసిన సంగతికి వినికిడి అభ్యాసం అవుతుంది. చూసుకోకుండా వెళ్తే మాట, వ్యాకరణం, వినికిడి మూడూ ఒకేసారి మీద పడతాయి. క్లాసు అయిన రోజే రెన్షూ బి పుస్తకంలో రాయకుండా నోటితో చేయండి. రెన్షూ సి, కైవా (సంభాషణ) సమయం ఉంటే.

పెన్నాతీరం

పై జవాబుకి ఒకటి కలుపుతాను. మన వాళ్ళలో చాలామంది జపనీస్‌ని ఇంగ్లిష్ మీదుగా నేర్చుకుంటారు. పుస్తకంలో వివరణ ఇంగ్లిష్‌లో ఉంది కాబట్టి అలా అలవాటవుతుంది. దీనివల్ల లేని కష్టం వచ్చి పడుతుంది. వ్యాకరణం చదివిన వెంటనే ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పుకోండి, సగం పాఠాలు వాటంతట అవే తెరుచుకుంటాయి.

తె-రూపమే చూడండి. అది మన 'చేసి, వెళ్ళి, తిని'. 'తబెతె, నెమాసు' అంటే 'తిని పడుకుంటాను'. 22వ పాఠంలో వచ్చే నామవాచక విశేషణ వాక్యాలు ఇంగ్లిష్ మీదుగా వచ్చేవాళ్ళకు తలనొప్పి, మనకు మాత్రం 'కినో కత్తా హొన్' అంటే 'నిన్న కొన్న పుస్తకం', మాటకు మాట అదే వరస. 21లో '-తొ ఈమాసు', '-తొ ఒమొయిమాసు' మన 'అని అంటారు', 'అని అనుకుంటాను'. రెండో భాగంలో 30లో '-తె ఒకిమాసు' మన 'రాసిపెట్టు, కొనిపెట్టు', 40లో '-తె మిమాసు' మన 'తిని చూడు, వేసి చూడు'. 29లో '-తె షిమైమాసు' మన 'తినేశాను, మర్చిపోయాను'కి దగ్గర. 48లో ప్రేరణార్థకం మన '-ఇంచు': తబెసాసెరు అంటే తినిపించు, యొమాసెరు అంటే చదివించు.

9వ పాఠంలోని 'గ' విభక్తి కూడా ఇంతే. 'నాకు కాఫీ ఇష్టం' అంటాం కానీ 'కాఫీని ఇష్టం' అనం కదా, అందుకే 'కోహీ గ సుకి'. నాకు అర్థమవుతుంది, నాకు వచ్చు, నాకు కావాలి, నాకు ఉంది: తెలుగులో 'నాకు' వచ్చే ఈ వాక్యాల్లో ఆ వస్తువుకి జపనీస్‌లో 'గ' వస్తుంది. సకర్మక, అకర్మక జంటలు 29లో వస్తాయి. 'దీపం ఆరింది, దీపం ఆర్పాను', 'బండి ఆగింది, బండి ఆపాను', 'కొమ్మ విరిగింది, కొమ్మ విరిచాను' అని మనకు జంటలు ముందే ఉన్నాయి. జపనీస్‌లో వరసగా కియెరు, కెసు, తొమారు, తొమెరు, ఒరెరు, ఒరు. పక్కన తెలుగు జంట రాసుకుని చదివితే నిలుస్తుంది.

ఇప్పుడు తెలుగు మోసం చేసే చోట్లు. ఇవి నోట్‌బుక్కులో మొదటి పేజీలో ఉండాలి, మన వాళ్ళ పేపర్లలో తప్పులు ఎక్కువగా ఇక్కడే.

'లో' ఒక్కటే మనకు, జపనీస్‌లో అది రెండుగా చీలుతుంది. ఉండటం, నివసించడం అయితే 'ని', పని జరగడం అయితే 'దె'. టోక్యోలో ఉంటున్నాను: తోక్యో ని సున్దె ఇమాసు. టోక్యోలో పనిచేస్తున్నాను: తోక్యో దె హతరైతె ఇమాసు. తెలుగు వాక్యంలో తేడా కనపడదు కాబట్టి క్రియ చూసి తేల్చుకోవాలి.

స్నేహితుణ్ణి కలిశాను అంటాం, అక్కడ 'ఒ' (మన '-ని, -ను') రాదు, 'తొమొదచి ని ఐమాషితా'. బస్సు ఎక్కాను అంటాం, అక్కడ 'బసు ని నొరిమాషితా'. దిగితే మాత్రం 'బసు ఒ ఒరిమాషితా'. బస్సులో వెళ్ళాను అంటే 'బసు దె ఇకిమాషితా'.

ఇవ్వడం మనకు ఒకే మాట. జపనీస్‌లో నా వైపు నుంచి బయటికి వెళ్తే అగెమాసు, బయటి నుంచి నా వైపుకి వస్తే కురెమాసు. ఇది 24లో వస్తుంది, 41లో మళ్ళీ పెద్దగా వస్తుంది. వాక్యం రాసే ముందు బాణం గుర్తు గీసుకోవడం మంచి అలవాటు. 37లో కర్మణి ప్రయోగం మీద కూడా కాస్త ఎక్కువ సమయం పెట్టండి. 'పర్సు కొట్టేశారు' అని మనం అనేచోట వాళ్ళు నష్టపోయిన మనిషి వైపు నుంచి 'సైఫు ఒ నుసుమారెమాషితా' అంటారు. తెలుగులో '-బడు' మామూలు మాటల్లో అంతగా వాడం కాబట్టి ఇది సహజంగా రాదు. విడిగా సాధన చేయాల్సిందే.

ఓరుగల్లు_సైతామా

తమ్మీ, పై ఇద్దరు చెప్పింది మంచిగున్నది. కానీ రాత్రి ఒంటిగంటకు గదికి వచ్చి పొద్దున తొమ్మిదింటికి క్లాసుల కూర్చుంటే అందుల ఏదీ నిలవదు. ముందు బైతో సంగతి చూడు.

28 గంటల లెక్క సోమవారం నుంచి ఆదివారం దాక అని చాలామంది అనుకుంటరు. నిజానికి ఏ రోజు నుంచి లెక్కపెట్టినా వరుసగా ఏడు రోజులల్ల 28 దాటొద్దు. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపి. ఒక్క వారం శనివారం నైట్, మరుసటి వారం ముందు రోజులు ఎక్కువ షిఫ్టులు తీసుకుంటే వారాల లెక్క సరిపోయినా ఈ లెక్క తప్పుతది. స్కూలు పెద్ద సెలవులల్ల మాత్రం రోజుకు 8 గంటల దాక చెయ్యొచ్చు. ఇవన్నీ షికకుగాయ్ కత్సుదో పర్మిషన్ (చదువుతో పాటు పని చేసుకోనిచ్చే అనుమతి) ఉన్నోళ్ళకే. దాటితే వీసా పొడిగింపు అప్పుడు ఇబ్బంది పడుతరు. జీతం రికార్డు ఎట్లయినా బయటికి వస్తది.

20 గంటలకు తగ్గించుకుంటే ఏమైతదో లెక్క వేసుకో. టోక్యోల కనీస వేతనం 2025 అక్టోబరు నుంచి గంటకు 1,226 యెన్. వారానికి 8 గంటలు తగ్గితే నెలకు సుమారు 39 వేల యెన్ తక్కువ వస్తది. ఆ పైసలు ఎక్కడ నుంచి సర్దుతవో ఇంట్ల మాట్లాడి, ఈ ఆరు నెలలైనా తగ్గించు. రాత్రి 10 నుంచి పొద్దున 5 దాక 25 శాతం ఎక్కువ ఇస్తరు కాబట్టి నైట్ షిఫ్టు ఆశ పెడతది, కానీ పొద్దున బ్యాచ్ ఉన్నోళ్ళకు అది అస్సలు పనికిరాదు. శని, ఆదివారాలు పగలు 8 గంటల చొప్పున 16, వారం మధ్యల ఒక్క సాయంత్రం 4, మొత్తం 20. నాలుగు సాయంత్రాలు చదువుకు మిగులుతయి.

ఇంకొకటి, బెంతో ఫ్యాక్టరీల నోరు తెరిచే పని ఉండదు. ఇండియన్ రెస్టారెంట్ కిచెన్ల అంతా హిందీ. ఎన్4 స్థాయి మాటలు రాంగనే సూపర్‌మార్కెట్‌కో, గిన్నెలు కడిగే పని కాకుండ హాల్ల వడ్డించే పనికో మారు. అక్కడ వినే కెయ్‌గో (గౌరవంగ మాట్లాడే భాష) 49, 50 పాఠాలల్ల ఉన్నదే. మనోళ్ళు ఎక్కువుండే నిషి-కసాయ్ లాంటి చోట మనోళ్ళతోనే గది తీసుకున్నోళ్ళు వంట, కిరాయి విషయంల సుఖంగుంటరు గానీ, క్లాసు నాలుగు పీరియడ్లు తప్ప రోజంతా జపనీస్ వినరు. గది మారనవసరం లేదు. మీ వార్డు ఆఫీసుల అడిగితే వాలంటీర్లు నడిపే జపనీస్ క్లాసులు ఎక్కడున్నయో చెప్తరు, ఉచితం లేదంటే నామమాత్రం ఫీజు. అక్కడ పెద్దోళ్ళు ఓపికగ మాట్లాడుతరు.

కింది క్లాసు గురించి: వీసాకు ఏం కాదు. ఇమిగ్రేషన్ వాళ్ళు చూసేది హాజరు సర్టిఫికెట్, మార్కుల సర్టిఫికెట్. ఏ క్లాసుల కూర్చున్నవన్నది కాదు. హాజరు నెలల సగానికి తగ్గితే స్కూలే ఇమిగ్రేషన్‌కు తెలుపాలె. కానీ 50 పెట్టుకుని నిమ్మళంగ ఉండకు, పొడిగింపు టైంల 80 కింద ఉన్నోళ్ళను కారణం రాసియ్యమంటరు. నీకు ఉద్యోగం ఆలోచన ఉన్నది కాబట్టి 90 తగ్గకుంట చూసుకో. డిగ్రీ ఉండి లాంగ్వేజ్ స్కూల్ అయిపోయినంక ఉద్యోగం వెతుక్కోనీకి ఇచ్చే తొకుతేయ్ కత్సుదో వీసాకు హాజరు దాదాపు 90 శాతం ఉండాలన్నది ఒక షరతు. చాలా స్కూళ్ళల్ల మూడు సార్లు ఆలస్యమైతే ఒక గైర్హాజరు రాస్తరు, నీ స్కూలు రూల్ అడిగి తెలుసుకో. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పోయి రసీదు తెచ్చియ్యి. కొకుమిన్ కెన్‌కో హొకెన్ (జాతీయ ఆరోగ్య బీమా) ఉంటే ఖర్చుల 30 శాతమే కట్టాలె.

ఒక్కటే నష్టం ఉన్నది. కిందికి పోతే చదువు ముగిసే తారీఖు వెనక్కి జరగదు. లాంగ్వేజ్ స్కూల్ల ఉండేది మొత్తం కలిపి రెండేళ్ళే. అందుకని పోతే ఇప్పుడే పో. మొదటి భాగం నడుస్తున్నప్పుడు ఒక టర్మ్ వెనక్కి పోతే తిరిగి అందుకోవచ్చు, ఎన్3 పుస్తకాలల్లకు పోయినంక వెనక్కి పోతే అందుకోవడం కష్టం.

కోనసీమ_కుర్రాడు

చాలా థాంక్స్ అండి అందరికీ. బైతో షిఫ్టులు మార్చమని ఈ వారమే అడుగుతాను. 'లో' విషయం చదివాక నా పాత టెస్టు పేపర్లు చూసుకున్నాను, తప్పులు సరిగ్గా అక్కడే ఉన్నాయి. ఇంకో రెండు అడగాలి. కాంజీ (చైనా నుంచి వచ్చిన అక్షరాలు) రోజుకు ఎన్ని నేర్చుకోవాలి? చైనా వాళ్ళకు ముందే వచ్చు కాబట్టి స్కూల్లో దాని మీద ఎక్కువ సమయం పెట్టరు. వినికిడి విభాగంలో సంఖ్యలు, తేదీలు వస్తే మొత్తం పోతోంది.

కాంజీ_కలం

కాంజీ తెలిసిన దేశాల వాళ్ళతో పోటీ పెట్టుకోవద్దు. వాళ్ళని 'కాంజీకెన్', మనలాంటి వాళ్ళని 'హికాంజీకెన్' అంటారు, రెండు గుంపులకీ చదివే పద్ధతే వేరు. వాళ్ళు అర్థం చూసి పట్టేస్తారు, కానీ జపనీస్ ఉచ్చారణ దగ్గర, వినడం దగ్గర తడబడతారు. జంటగా చేసే అభ్యాసాల్లో వాళ్ళ పక్కన కూర్చోండి. చదవడం వాళ్ళ దగ్గర అడగండి, వినడం మీరు చెప్పండి.

పాత విధానంలో, అంటే 2010కి ముందు, ఇప్పటి ఎన్5కి సరితూగే స్థాయికి సుమారు 100 కాంజీలు, ఎన్4కి 300, ఎన్2కి 1000 అని లెక్క ఉండేది. ఇప్పుడు అధికారిక జాబితా లేదు, అయినా ఆ అంచనా పనికొస్తుంది. రోజుకు 5 కొత్తవి, వారానికి ఆరు రోజులు, ఏడో రోజు పాతవి మాత్రమే. నెలకు 120 దాకా అవుతాయి. రోజుకు 15 పెట్టుకున్నవాళ్ళు మూడో వారంలో ఆపేస్తారు. కొత్తవి కష్టమై కాదు, పాతవాటి పునశ్చరణ కుప్పపడి. అంకీ (కార్డులతో పునశ్చరణ చేయించే యాప్) వాడితే ఇది ఇంకా ముఖ్యం. అందులో మామూలుగా రోజుకు 20 కొత్త కార్డులు వచ్చేలా పెట్టి ఉంటుంది. కాంజీ, మాటలు రెండూ కలిపి 15కి తగ్గించండి. రోజుకు కొత్తవి ఎన్ని పెడితే కొన్ని వారాలకు దానికి ఏడెనిమిది రెట్లు పునశ్చరణ వచ్చి పడుతుందని లెక్కేసుకోండి. పునశ్చరణ 150 దాటిన రోజు కొత్తవి సున్నా చేయండి. ఆండ్రాయిడ్‌లో ఇది ఉచితం, ఐఫోన్‌లో డబ్బు పెట్టి కొనాలి.

ఒక్క కాంజీని 50 సార్లు రాయడం దండగ. గీతల వరస చూసి మూడుసార్లు, గంట తర్వాత చూడకుండా ఒకసారి, మర్నాడు ఒకసారి చాలు. విడి అక్షరంగా కాకుండా మాటగా నేర్చుకోండి. 'మచిమాసు' అని చివరి హిరగానా (జపనీస్ ధ్వని అక్షరాల) తోకతో సహా.

మీ స్థాయిలో అందరినీ తికమక పెట్టేది గుడి కుటుంబం. 'తెరా' అంటే గుడి, దాని ఆన్ ఉచ్చారణ (చైనా నుంచి వచ్చిన ఉచ్చారణ) 'జి'. దానికి ఎడమ పక్క సూర్యుడు చేరితే 'కాలం', చెయ్యి చేరితే 'పట్టుకోవడం', నడక గుర్తు చేరితే 'ఎదురుచూడటం'. మొదటి రెండింటికీ ఆన్ ఉచ్చారణ 'జి'యే, మూడోదానికి మాత్రం 'తాయ్'. ఇలాంటివి ఒకే పేజీలో పక్కపక్కన రాసుకోవాలి, వేరువేరు రోజుల్లో విడిగా చదివితే కలిసిపోతాయి. ముందుకు వెళ్ళేకొద్దీ ఈ పద్ధతి బాగా పనికొస్తుంది. నీలం అన్న అర్థమున్న 'ఆఒ' కాంజీకి నీరు, సూర్యుడు, మాట, బియ్యం గుర్తులు చేరితే వచ్చే నాలుగు కాంజీలకీ ఆన్ ఉచ్చారణ 'సేయ్'. కుడి వైపు ధ్వని, ఎడమ వైపు అర్థం. ఎన్3 దాటాక కొత్త కాంజీల ఉచ్చారణ ఊహించగలగడం దీనివల్లే.

వినికిడికి వద్దాం. మన చెవి దీర్ఘాలు, ద్విత్వాలు బాగా పట్టేస్తుంది. 4వ తేదీ 'యొక్కా', 8వ తేదీ 'యోకా'. ఇంగ్లిష్ వాళ్ళకు ఇది నరకం, మనకు 'అక్క'కీ 'ఆకు'కీ ఉన్నంత తేడా. అయినా పోతోందంటే సంఖ్యలు విన్నాక ఇంగ్లిష్ అంకెగా మార్చుకుంటున్నారన్నమాట. మారే చోట్లు కొన్నే: 300 సన్‌బ్యాకు, 600 రొప్ప్యాకు, 800 హప్ప్యాకు, 3000 సన్‌జెన్, 8000 హస్సెన్. తేదీల్లో 1 నుంచి 10, తర్వాత 14, 20, 24 మాత్రమే విడిగా నేర్చుకోవాలి, 20 అంటే హత్సుకా. సూపర్‌మార్కెట్‌లో ధర చీటీ కనపడ్డ ప్రతిదీ పైకి చదవండి, ఫోన్ క్యాలెండర్ తెరిచి వేలు పెట్టిన తేదీ చెప్పండి.

మన చెవికి అందనివి మూగపోయే అచ్చులు. 'సుకి' మాటల్లో 'స్కి' అవుతుంది, 'గకుసేయ్' 'గక్సే' అవుతుంది, 'షితా' దాదాపు 'ష్తా'. పుస్తకంతో వచ్చే ఆడియోలో ఆ పాఠం కైవా తీసుకుని పుస్తకం మూసి వినండి, ఒక్కో వాక్యం ఆపి హిరగానాలో రాయండి, తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దండి. విభక్తులు ఎక్కడ వదిలేశారో చూడండి, తర్వాత ఆడియో వెనకే అయిదుసార్లు పలకండి. ఒక నిమిషం ఆడియోకి 20 నిమిషాలు పడుతుంది, రోజుకు అంతకుమించి వద్దు.

పలికేటప్పుడు ఒక్క మాట. కటకానా (విదేశీ మాటలు రాసే లిపి) మాటల్ని ఇంగ్లిష్‌లో పలికినట్టు ట, డ పెట్టి పలకకండి. 'టేబుల్' కాదు 'తేబురు'. నాలుక పళ్ళకు తగలాలి. మన త, ద అచ్చం సరిపోతాయి.

గోరింటాకు

డిసెంబరుకి ఎన్4 కట్టండి. పుస్తకం 50 పాఠాలు అయ్యేసరికి వచ్చేది ఆ స్థాయే, మీ క్లాసు శరదృతువులో అక్కడికి చేరుతుంది. పరీక్ష డిసెంబరు మొదటి ఆదివారం, దరఖాస్తు మాత్రం ఆగస్టు, సెప్టెంబరుల్లోనే అయిపోతుంది. ఆన్‌లైన్‌లో ఖాతా ఇప్పుడే తెరిచి పెట్టుకోండి. ఎన్4లో 180కి 90 రావాలి. భాషా జ్ఞానం, చదవడం కలిపి 120కి కనీసం 38, వినికిడిలో 60కి కనీసం 19 విడిగా రావాలి. మొత్తం 90 దాటినా వినికిడిలో 18 వస్తే ఫెయిలే. చైనా క్లాస్‌మేట్లు నేరుగా ఎన్3 లేదా ఎన్2 రాస్తారు, అది చూసి మారకండి. ఎన్3 వచ్చే జులైలో, ఎన్2 ఆ డిసెంబరులో. ఐటీ కంపెనీలు కొన్ని ఎన్3తో తీసుకుంటాయి, ఎక్కువ చోట్ల ఎన్2 అడుగుతారు. మీ రెండేళ్ళు ముగిసే మార్చికి ముందు ఎన్2కి దొరికే ఆఖరి పరీక్ష ఆ డిసెంబరుదే కాబట్టి, ఎన్3 జులైలో దాటడం ముఖ్యం.

క్లాసు మార్పు గురించి టర్మ్ ముగిసే దాకా ఆగకండి. తర్వాతి టర్మ్ క్లాసుల జాబితా ముందే తయారవుతుంది. 14 నుంచి 20 దాకా కార్డుల పని రెండు వారాలు చేసి చూడండి. అప్పటికీ చిన్న టెస్టుల్లో సగం మార్కులు రాకపోతే, క్లాసు అయ్యాక మీ తన్నిన్ సెన్‌సేయ్ (క్లాసు టీచరు) దగ్గరికి వెళ్ళి ఇంత చెప్తే చాలు: 'జుగ్యో ని త్సుయితె ఇకెమాసెన్. హితొత్సు షితా నొ కురాసు ని ఉత్సుత్తె మొ ఈ దెస్ కా.' పాఠం అందుకోలేకపోతున్నాను, ఒక మెట్టు కింది క్లాసుకు మారవచ్చా అని. 'ఉత్సుత్తె మొ ఈ దెస్ కా' 15వ పాఠంలోని వాక్యమే. వెళ్ళేటప్పుడు పాత టెస్టు పేపర్లు చేతిలో ఉంచుకోండి. తప్పులు క్రియారూపాల్లోనే ఉంటే సెన్‌సేయ్ క్లాసు మార్చకుండా అదనపు అభ్యాస కాగితాలు ఇచ్చే అవకాశం ఉంది. కాంజీ, మాటలు, వినికిడి అన్నిటా పోతుంటే మార్చమనే చెప్తారు.